పాటగాడి డాక్టరేటు సరే, డ్రమ్మరు సంగతేమిటి?

సంపాదక మహాశయులకు నమస్కారములు.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో అమెరికాకు చెందిన ‘డిసెండెంట్స్’ అనే పాప్ పంక్ (హోరెత్తే వేగపు రాక్ సంగీతానికి సులువైన బాణీలు కలిపిన రకం) బ్యాండ్ గురించి ఒక వ్యాసం ప్రచురించారు. సినిమా పాట తప్ప మరో పాటకు చోటు దొరకడమే కష్టమైన మన పత్రికల్లో ఆ పేరు కనిపించినందుకు ముందుగా సంతోషించాను. ఆ బ్యాండ్ గాయకుడు మైలో ఆకర్‌మన్ ఒకవైపు పాటలు పాడుతూనే మరోవైపు జీవశాస్త్రంలో డాక్టరేటు చేసి శాస్త్రవేత్తగా ఉద్యోగం చేశాడని, చేతిలో చదువు ఉంటే పాట ఎప్పుడైనా పాడుకోవచ్చని, పిల్లల సంగీతపు పిచ్చి చూసి దిగులుపడే తల్లిదండ్రులు ఈ కథ తెలుసుకోవాలని వ్యాసకర్త రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే అది సగం కథ మాత్రమే, పైగా వినడానికి మనకు హాయిగా ఉండే సగం. రెండో సగం లేకుండా మొదటిది అర్థం కాదన్న అభిప్రాయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఆకర్‌మన్ పేరు నాకు మొదట తెలిసింది పాటల వల్ల కాదు. 2003లో ‘ప్లాంట్ సెల్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రం మీద ఆయన పేరు మొదటి రచయితగా ఉంది. అరబిడాప్సిస్ అనేది మన ఆవ మొక్క కుటుంబానికే చెందిన చిన్న కలుపు మొక్క. ప్రపంచంలోని వృక్షశాస్త్రజ్ఞులు చాలామంది ప్రయోగాలకు దాన్నే వాడతారు. ఆ మొక్కలో ఒక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల పనిని అదుపుచేసే చిన్న అణువు) మోతాదు పెరిగితే పూత ముందుగానే వచ్చేస్తుందని, మొక్క నాలుగాకులు సరిగా వేసుకోకముందే మొగ్గ తొడుగుతుందని ఆ పత్రం నిరూపించింది. పూత కాలాన్ని నిర్ణయించేది వాతావరణమూ పగటి వెలుగూ మాత్రమే కావని, మొక్క వయసును లెక్కపెట్టే యంత్రాంగం మొక్కలోనే ఉంటుందని విద్యార్థులకు చెప్పేటప్పుడు ఆ పత్రాన్ని నేను చాలాసార్లు ప్రస్తావించాను. ఆ రచయిత ఒక పంక్ బ్యాండులో పాడతాడని మాత్రం పదేళ్ళకు పైగా తెలియదు.

తెలిసింది మా అమ్మాయి వల్ల. ఒకరోజు తెనాలి నుంచి విజయవాడ కారులో వెళ్తుంటే ఆమె ఫోనులో ఏదో ఆల్బమ్ పెట్టింది. గిటార్ రొద, దాని మీద గుర్రం దౌడు తీస్తున్నట్టు డ్రమ్ములు, ఇంత హోరులోనూ పట్టుకుని కూనిరాగం తీయగలిగినంత సులువైన బాణీలు. దుగ్గిరాల దాటి ఎంతో దూరం పోలేదు, ఆల్బమ్ అయిపోయింది. పదిహేను పాటలు, మొత్తం కలిపి ఇరవై రెండు నిమిషాలు. ఫోను తెర మీద దాని అట్టబొమ్మ చూపించింది: తెల్లకాగితం మీద నల్లగీతలతో గీసిన ముఖం, మందపాటి కళ్ళద్దాలు, నిక్కబొడుచుకున్న క్రాపు, మెడకు టై. గ్రూప్ వన్ ఇంటర్వ్యూకు పాస్‌పోర్టు ఫోటో దిగిన కుర్రాడిలా ఉన్నాడు. బడిలో తోటి విద్యార్థి ఒకడు మైలోను పుస్తకాల పురుగని ఆటపట్టించడానికి వేసిన వ్యంగ్యచిత్రం నుంచి పుట్టిన బొమ్మ అది. ఎగతాళికి గీసిన ఆ బొమ్మే తర్వాత బ్యాండుకు గుర్తు అయింది. 1982లో వచ్చిన ఆ తొలి ఆల్బమ్ పేరును తెలుగులో చెప్పాలంటే ‘మైలో కాలేజీకి వెళ్తున్నాడు’. నిజంగానే వెళ్ళిపోతున్నాడు కనుక ఆ పేరు పెట్టారు.

ఇక్కడొక చిన్న ముచ్చట. ఇంగ్లీషులో ఆ బ్యాండ్ పేరు రాసేటప్పుడు ఒక అక్షరం తప్పుగా రాస్తారు. నిఘంటువు ప్రకారం ‘ఏ’ ఉండవలసిన చోట ‘ఈ’ ఉంటుంది. తెలుగులో రాస్తే ఆ తప్పు దానంతట అదే మాయమైపోతుంది. మన లిపి చేసే మేలు అలాంటిది.

బ్యాండ్ మొదలైంది 1977 ప్రాంతంలో, కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్‌కు దక్షిణంగా సముద్రపు ఒడ్డున ఉన్న మన్‌హాటన్ బీచ్‌లో. గిటార్ వాయించే ఫ్రాంక్ నవెట్టా, డ్రమ్ములు వాయించే బిల్ స్టీవెన్సన్ హైస్కూలు కుర్రాళ్ళు. బేస్ గిటార్ వాయించే టోనీ లొంబార్డో మాత్రం వయసులో వాళ్ళకంటే చాలా పెద్దవాడు, తపాలాశాఖ ఉద్యోగి. 1980లో మైలో వచ్చి చేరాడు. అప్పటి దక్షిణ కాలిఫోర్నియా పంక్ సంగీతమంతా కోపంతో, పోలీసులతో గొడవలతో నిండి ఉండేది. వీళ్ళు అదే వేగంతో తమను కాదన్న అమ్మాయి గురించి, ఇంట్లోవాళ్ళతో పేచీల గురించి, తిండి గురించి, కాఫీ గురించి, చేపల వేట గురించి పాడారు. ఫలహారశాలలో కారు కిటికీలోంచి తినుబండారాలు తెమ్మని చెప్పడం తప్ప మరేమీ లేని పాట ఒకటి ఉంది. దాని నిడివి పదకొండు సెకన్లు. కోపానికి బాణీ కట్టి, ఆ బాణీకి కుర్రతనపు బెంగను జోడించడం తర్వాతి కాలంలో పాప్ పంక్ అనిపించుకుంది. కోట్ల ప్రతులు అమ్ముడైన తర్వాతి తరం బ్యాండ్లలో చాలామంది తాము నేర్చుకున్నది ఇక్కడేనని బాహాటంగా చెప్పుకున్నారు. అయితే ఆ తొలి ఆల్బమ్‌లో ఆడపిల్లలనూ, తమకంటే వేరుగా ఉన్నవారినీ కించపరిచే మాటలు కొన్ని ఉన్నాయి. కుర్రతనం అని సరిపెట్టుకోవడం నాకు చేతకాలేదు, మా అమ్మాయికీ చేతకాలేదు.

మీ వ్యాసకర్త వదిలేసిన ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది. మైలో శాన్ డియాగోలోని విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు, బాగానే ఉంది. మరి మిగిలిన ముగ్గురూ ఏమయ్యారు? నవెట్టా ఒక దశలో విసిగి, తన సంగీత సామగ్రినంతా తగలబెట్టి, ఒరెగాన్‌కు వెళ్ళి చేపలు పట్టే వృత్తిలో దిగాడు. 1985లో బ్యాండ్ మళ్ళీ కలిసి రెండో ఆల్బమ్ చేసినప్పుడు లొంబార్డో వాయించాడు కానీ, ఊరూరా తిరిగి కచేరీలు చేయడానికి తపాలా ఉద్యోగం వదులుకోలేక ఆగిపోయాడు. ఆయన లెక్క ఆయనది. నెలనెలా వచ్చే జీతం విలువ తెలిసిన ఇంట పుట్టినవాణ్ణి కనుక నేనైతే తప్పుపట్టను. స్టీవెన్సన్ మాత్రం డ్రమ్ములు కింద పెట్టలేదు. 1983 నుంచి 1985 వరకు ‘బ్లాక్ ఫ్లాగ్’ అనే మరో బ్యాండులో వాయించాడు, గాయకుడికి సెలవులు దొరికినప్పుడు మళ్ళీ డిసెండెంట్స్‌ను నిలబెట్టాడు. 1987లో మైలో పైచదువుల కోసం రెండోసారి వెళ్ళిపోయాడు. అంటే ఐదేళ్ళలో రెండుసార్లు, బ్యాండ్ కాస్త నిలదొక్కుకుంటున్న సమయంలోనే, అందరూ గుర్తుపట్టే గొంతు, అట్టమీద ఉన్న ముఖం లేకుండా పోయాయి.

అప్పటికి బ్యాండులో కొత్తగా చేరిన ఇద్దరు, బేస్ వాయించే కార్ల్ అల్వరెజ్, గిటార్ వాయించే స్టీఫెన్ ఎగర్టన్, యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి వచ్చిన చిన్ననాటి స్నేహితులు. ఈ ముగ్గురూ పేరు మార్చుకుని ‘ఆల్’ అనే బ్యాండుగా ముందుకు సాగారు. పాత పేరు పెట్టుకుని మరో గాయకుడితో తిరిగి ఉంటే జనం ఎక్కువ వచ్చేవారేమో, ఆ పని చేయలేదు. తొమ్మిదేళ్ళపాటు ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు గాయకులతో వరసగా ఆల్బములు చేస్తూ, వ్యానులో సామాను వేసుకుని కచేరీలు చేస్తూ బతికారు. లాస్ ఏంజెలెస్ అద్దెల నుంచి మిజోరీ రాష్ట్రంలోని బ్రూక్‌ఫీల్డ్ అనే చిన్న ఊరికి మకాం మార్చారు. సంగీతంలో పైకి రావాలనుకునేవాళ్ళు పల్లె నుంచి నగరానికి పోవడం మనం చూస్తుంటాం. వీళ్ళు ఖర్చు తగ్గితే పాట నిలుస్తుందని లెక్కవేసి నగరం నుంచి పల్లెకు పోయారు.

అక్కడి నుంచి 1994లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌కు చేరి, ‘బ్లాస్టింగ్ రూమ్’ అనే సొంత రికార్డింగ్ స్టూడియో కట్టుకున్నారు. నా దృష్టిలో ఈ బ్యాండ్ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే, మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా దానికి దక్కలేదు. బ్యాండ్లు అప్పుల్లో పడేది ఎక్కువగా స్టూడియో దగ్గర. పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరితే చేతికి అడ్వాన్సు వస్తుంది. రికార్డింగు ఖర్చు, వీడియో ఖర్చు, ప్రచారంలో కొంత, అన్నీ ఆ బ్యాండుకు రావలసిన రాయల్టీలోంచే మినహాయించుకుంటారు, అదంతా తీరేదాకా బ్యాండుకు పైసా రాదు, తీరిన తర్వాత కూడా అసలు రికార్డింగు కంపెనీ సొత్తుగానే ఉంటుంది. పాలేరు అప్పు లెక్క తెలిసినవారికి ఇది వేరే విడమరచి చెప్పనక్కర లేదు. చిన్న స్వతంత్ర సంస్థల్లో చాలాచోట్ల ఖర్చులు పోగా మిగిలింది చెరిసగం పంచుకుంటారు. అడ్వాన్సు పెద్దగా ఉండదు, అప్పూ పెద్దగా ఉండదు. దానికితోడు స్టూడియో కూడా సొంతమైతే రికార్డింగు ఖర్చు దాదాపు సొంత చెమటతో తీరిపోతుంది. పైగా స్టీవెన్సన్ నిర్మాతగా ఇతర బ్యాండ్ల ఆల్బములు అక్కడ రికార్డు చేశాడు, చేస్తూనే ఉన్నాడు. ‘రైజ్ ఎగెన్‌స్ట్’ లాంటి పేరున్న బ్యాండ్లు ఫోర్ట్ కాలిన్స్‌కు వెళ్ళింది ఆయన కోసమే. మైలోకు ప్రయోగశాల ఏదో స్టీవెన్సన్‌కు ఆ స్టూడియో అది. పట్టా లేదు కనుక మనం దాన్ని చదువు అనం.

మరో సంగతి కూడా వ్యాసకర్త గమనించి ఉండవలసింది. ఈ బ్యాండ్ ఆల్బములు వేసిన సంస్థల్లో దాదాపు అన్నీ తోటి వాయిద్యకారులు పెట్టుకున్నవే. తొలి ఆల్బమ్ వేసిన ‘న్యూ అలయన్స్’ శాన్ పెడ్రోకు చెందిన ‘మినిట్‌మెన్’ బ్యాండ్ వాళ్ళది. తర్వాతి ‘ఎస్‌ఎస్‌టి’ని నడిపింది బ్లాక్ ఫ్లాగ్ గిటారిస్టు గ్రెగ్ గిన్; అది మొదట రేడియో పరికరాలు తయారుచేసి అమ్మడానికి అతను కుర్రతనంలో పెట్టుకున్న చిన్న వ్యాపారం. ‘ఎపిటాఫ్’ను ‘బాడ్ రిలిజియన్’ బ్యాండుకు చెందిన బ్రెట్ గురెవిట్జ్, ‘ఫ్యాట్ రెక్ కార్డ్స్’ను ‘నోఎఫ్‌ఎక్స్’ గాయకుడు ఫ్యాట్ మైక్ స్థాపించారు. అంటే స్వతంత్రం అన్నమాటకు అక్కడ అర్థం ఒంటరితనం కాదు. పక్కవాడు పెట్టిన అంగట్లో మన సరుకు, మన స్టూడియోలో పక్కవాడి పాట. 1994లో ‘గ్రీన్ డే’ ఒక పెద్ద కంపెనీ ద్వారా, ‘ఆఫ్‌స్ప్రింగ్’ ఎపిటాఫ్‌లోనే ఉండి, లక్షలాది ప్రతులు అమ్మిన తర్వాత పెద్ద కంపెనీలు పంక్ బ్యాండ్ల కోసం వలలు వేసుకుని బయలుదేరాయి. ఆ వల ‘ఆల్’ మీద కూడా పడింది, 1995లో ‘ఇంటర్‌స్కోప్’ అనే పెద్ద కంపెనీ ద్వారా ఒక ఆల్బమ్ వేశారు. ఆ ఒక్కదానితోనే ఆ సంబంధం ముగిసింది. కనుక వీరిని ఏ ప్రలోభానికీ లొంగని మహర్షులుగా చూపించడం నా ఉద్దేశం కాదు. వెళ్ళి చూశారు, వెనక్కి వచ్చారు. రావడానికి సొంత ఇల్లు ఉంది.

1996లో మైలో తిరిగి వచ్చి పాడినప్పుడు ఆయన దిగింది ఆ ఇంట్లోనే. తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన గాయకుడికి తొమ్మిదేళ్ళుగా రోజూ కలిసి వాయించి రాటుదేలిన ముగ్గురు, నడుస్తున్న స్టూడియో, ఎదురుచూస్తున్న శ్రోతలు సిద్ధంగా దొరికారు. ఆ ఆల్బమ్ ఎపిటాఫ్‌లో వచ్చింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ పరిశోధనకు వెళ్ళాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్టరల్ పరిశోధన ముగించిన ఆయన డెలావేర్‌లో డ్యూపాంట్ కంపెనీలో మొక్కల శాస్త్రవేత్తగా పనిచేశాడు. నేను పాఠంలో చెప్పిన పత్రం ఆ కాలంలోదే. 2004లో మరో ఆల్బమ్, మళ్ళీ విరామం. 2016లో డ్యూపాంట్ ఉద్యోగం ముగిసేదాకా పాట ఆయనకు పూర్తికాలపు పని కాలేదు. చేతిలో చదువు ఉంటే పాట ఎప్పుడైనా పాడుకోవచ్చు అన్న మీ వ్యాసకర్త మాటను ఇప్పుడు ఇంకోలా రాయాలి. పాట ఎప్పుడైనా పాడుకోగలిగింది, దాన్ని ఎవరో ఒకరు రోజూ వాయిస్తూ ఉన్నారు కనుక.

ఆ వాయించినవాళ్ళు మూల్యం చెల్లించలేదని కాదు. 2010 ప్రాంతంలో స్టీవెన్సన్‌కు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది, ఆ తర్వాత మెదడులో పెద్ద కణితి బయటపడింది. శస్త్రచికిత్సతో బతికి బయటపడి, ఆ ఏడాదే మళ్ళీ వేదిక ఎక్కాడు. 1981లో తిండి మీద ప్రేమతో గంతులేసిన బ్యాండే 2016 ఆల్బమ్‌లో డాక్టరు వద్దన్నాడు కనుక బర్గర్ మానేశానని ఒక పాట కట్టింది. నాకు మధుమేహం ఉంది కనుక ఆ పాట మాత్రం బాగా అర్థమైంది. ఆ ఆల్బమ్ నాటికి ఎవరి ఊళ్ళో వారున్నారు. ఎగర్టన్ ఓక్లహామాలోని టల్సాలో గిటార్, మైలో డెలావేర్‌లో గొంతు, మిగిలిన ఇద్దరూ ఫోర్ట్ కాలిన్స్‌లో తమ వాయిద్యాలు రికార్డు చేశారు. 2023లో మైలోకు గుండెపోటు వస్తే కొన్ని కచేరీలు రద్దయ్యాయి, కోలుకుని మళ్ళీ పాడాడు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ కదిలించింది 2021లో వచ్చిన ఆల్బమ్. 1977కూ 1980కీ మధ్య, మైలో చేరకముందు, నవెట్టా, లొంబార్డో, స్టీవెన్సన్ కలిసి కట్టిన పాటలు అవి. లాంగ్ బీచ్‌లో వాళ్ళు సాధన చేసుకున్న గది ఉన్న వీధుల పేరే ఆల్బమ్ పేరు. 2002లో ఆ ముగ్గురూ కూర్చుని వాయిద్యాల భాగం వాయించి రికార్డు చేసి ఉంచారు. 2008లో నవెట్టా నలభై ఆరేళ్ళకే కన్నుమూశాడు. 2020లో కరోనా వల్ల ఎవరూ ఎక్కడికీ కదలలేని రోజుల్లో మైలో వాటి మీద తన గొంతు చేర్చాడు. సామాను తగలబెట్టి వెళ్ళిపోయిన మనిషి గిటార్, తపాలా ఉద్యోగం కోసం ఆగిపోయిన మనిషి బేస్, ఇద్దరూ వదిలేసిన పాటలో ఇద్దరూ ఉన్నారు. పద్దెనిమిదేళ్ళు ఆ రికార్డింగును భద్రపరచి, పారేయకుండా, ఎవరికీ అమ్మకుండా ఉంచగలగడానికి కూడా సొంత స్టూడియో అనేది ఒకటి ఉండాలి.

ఇంత దూరం ఎందుకు రాశానో కూడా చెప్పాలి. ఇరవై ఐదేళ్ళ కిందట మా కళాశాలలో ఇంటర్ బైపీసీ చదివే కుర్రాడు ఒకడు ఊళ్ళో ఒక ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్స్ వాయించేవాడు. పెళ్ళిళ్ళకూ, శ్రీరామనవమి పందిళ్ళకూ తెల్లవారేదాకా వాయించి, పొద్దున్న ప్రాక్టికల్స్‌కు ఎర్రటి కళ్ళతో వచ్చేవాడు. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నా బల్ల మీద వేళ్ళు ఆగేవి కావు. వాళ్ళ నాన్న నా దగ్గరకు వచ్చి, “మీరు చెబితే వింటాడు మాస్టారూ, ఆ వాయింపుడు మాన్పించండి” అని అడిగాడు. చెప్పాను, విన్నాడు. గాయకుడి పేరు బ్యానరు మీద ఉంటుంది, ప్యాడ్స్ వాయించేవాడి పేరు ఎవరికి తెలుసు అని కూడా అన్నాను. ఆ మాటే వాడికి తగిలిందని తర్వాత తెలిసింది. ఇప్పుడు వాడు మందుల కంపెనీలో మంచి ఉద్యోగంలో ఉన్నాడు, నన్ను చూస్తే గౌరవంగా పలకరిస్తాడు. నేను చెప్పింది తప్పని నేటికీ గట్టిగా అనలేను. కానీ మీ వ్యాసం చదివిన రోజు, ఆ కుర్రాడికి నేను చెప్పిన పాఠాన్నే మీ వ్యాసకర్త మరికొంత అందంగా చెప్పారని అనిపించింది.

చివరిగా ఒక సవరణ కోరుతున్నాను. వ్యాసంతోపాటు మీరు వేసిన ఫోటోలో నలుగురు ఉన్నారు, కింద మాత్రం “మైలో ఆకర్‌మన్, బృంద సభ్యులు” అని రాశారు. 1987 నుంచి ఆ బృందంలో మార్పు లేదు. మిగిలిన ముగ్గురి పేర్లు బిల్ స్టీవెన్సన్, కార్ల్ అల్వరెజ్, స్టీఫెన్ ఎగర్టన్. వచ్చే ఆదివారం సంచికలో, చిన్న అక్షరాలతోనైనా, వాటిని ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి.